పూలు రాలాక కనిపించే ఊరు: కకునోదాతే సమురాయ్ వాడ

ఉత్తర జపాన్‌లోని కకునోదాతే అనగానే ఎవరికైనా గుర్తొచ్చే ఫొటో ఒకటే. వెడల్పాటి వీధి, రెండు వైపులా నల్లటి చెక్క ప్రహరీలు, వాటి మీదుగా కిందికి వాలిన గులాబీ రంగు చెర్రీ కొమ్మలు. జపాన్ వసంతం గురించి రాసే ప్రతి చోటా ఈ బొమ్మ కనిపిస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది ఏడాదిలో ఓ వారం, మహా అయితే పది రోజులు ఉండే దృశ్యం. మిగతా యాభై వారాలూ ఆ వీధి అక్కడే ఉంటుంది. పూలున్న వారంలో అందరూ చెట్లనే చూస్తారు. చెట్ల వెనక ఇళ్ళు, ఆ ఇళ్ళను పేర్చిన లెక్క, ఆ లెక్కకు కారణమైన చరిత్ర కంటికి ఆనవు. సమురాయ్‌ల వాడను ఫొటో తీద్దామని వెళ్ళి ఒక్క వసంతాన్నే నమ్ముకున్నవాళ్ళు చెట్ల ఫొటోలతో తిరిగొస్తారు.

ఆ లెక్క ఏమిటో తెలియాలంటే 400 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1600లో జపాన్ అధికారం కోసం జరిగిన సెకిగహారా యుద్ధంలో సతాకే అనే ప్రభువుల వంశం ఎవరి పక్షమో తేల్చుకోకుండా ఉండిపోయింది. గెలిచిన తొకుగావా ఇయెయాసు 1602లో వాళ్ళను సొంత ప్రాంతమైన హితాచి నుంచి కదిలించి, ఉత్తరాన మంచు కురిసే అకితాకు పంపించాడు. సతాకే ప్రభువు తమ్ముడు అషినా యోషికత్సు. దత్తత వెళ్ళి అషినా ఇంటిపేరు పెట్టుకున్న అతనికి కకునోదాతే దక్కింది. అప్పటికి ఊరు కోటగుట్టకు ఉత్తరం వైపు ఉండేది. 1620లో అతను దాన్ని గుట్టకు దక్షిణానికి మార్చి, కొత్తగా గీత గీసినట్టు కట్టించాడు. ఒక్కో ప్రాంతానికి ఒక్క కోటే ఉండాలన్న తొకుగావా ఆజ్ఞ వల్ల గుట్ట మీది కోట పోయింది, కింద ఊరు మిగిలింది. అషినా వంశం అంతరించాక 1656లో సతాకేల ఉత్తర శాఖ పాలనకు వచ్చి, సమురాయ్‌ల కాలం ముగిసేదాకా కొనసాగింది.

1620 నాటి ఆ గీత ఇప్పటికీ పెద్దగా చెరగలేదు. గుట్టకు దగ్గరగా ఉత్తరాన సమురాయ్‌ల ఇళ్ళు. దాన్ని ఉచిమాచి, అంటే లోపలి ఊరు అన్నారు. దక్షిణాన వ్యాపారుల తొమాచి, అంటే బయటి ఊరు. రెండింటి మధ్య హియోకె అనే ఖాళీ జాగా వదిలారు. చెక్క ఇళ్ళ ఊళ్ళో ఒక వైపు నిప్పు అంటుకుంటే రెండో వైపుకు పాకకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. సమురాయ్ వీధి దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగి, ఒక చోట కావాలని మెలిక తిరుగుతుంది. జపాన్ కోటల ఊళ్ళలో ఈ మెలికను మసుగాతా అంటారు. ఊళ్ళోకి వచ్చిన శత్రువుకు చివరిదాకా చూపు సాగకూడదని, పరుగు అక్కడ నెమ్మదించాలని అలా కట్టారు. ఇప్పుడు అది కెమెరా పట్టుకున్నవాళ్ళకు పనికొస్తుంది. చూపు అక్కడ ఆగిపోతుంది కాబట్టి వీధి గదిలా, నాలుగు పక్కలా మూసినట్టు ఫ్రేములో కూర్చుంటుంది. దూరాన కరెంటు స్తంభమో కొత్త భవనమో తొంగిచూసే బెడద తగ్గుతుంది.

వీధి ఉత్తర దక్షిణాలుగా ఉందన్న సంగతి మనసులో పెట్టుకుంటే వెలుగు లెక్క సులువవుతుంది. ఉదయం ఎండ పడమటి వరుస ఇళ్ళ ముఖాల మీద పడుతుంది, సాయంత్రం తూర్పు వరుస మీద. మధ్యాహ్నం వీధి పొడవునా దక్షిణం నుంచి వస్తుంది. ఏ ఇంటి గేటును ఎప్పుడు ఫొటో తీయాలన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఈ ఊరి గీత అన్నిటికన్నా బాగా కనబడేది మంచుకాలంలో. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమను పీల్చుకుని, పర్వతాలకు తగిలి, ఈ పడమటి తీరమంతటా మంచు కుమ్మరిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కకునోదాతేలో మంచు మోకాలు దాటి పేరుకుంటుంది. ఆకులు ఉండవు, పూలు ఉండవు, జనం పల్చగా ఉంటారు. తెల్లటి నేల మీద నల్లటి ప్రహరీలు కాటుక గీతల్లా సాగుతాయి. ఒక్కో ఇంటి హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎవరి గేటు ఎంత పెద్దదో తేటగా తెలుస్తుంది. సమురాయ్‌ల లోకంలో గేటు, ప్రహరీ హోదాను చెప్పే గుర్తులు. పెద్ద హోదా ఉన్న అవోయాగి కుటుంబం గేటునూ, చిన్న ఉద్యోగం చేసిన మత్సుమోతో కుటుంబపు గడ్డి కప్పు ఇంటినీ, దాని ముందున్న పుల్లల దడినీ ఒకే రోజు చూస్తే ఆ తేడా పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. వసంతంలో ఆ రెండిటి మీదా అవే పూలు.

మంచులో ఫొటో తీయటం మాత్రం తేలిక కాదు. కెమెరా తన ముందున్న దృశ్యమంతా మధ్యస్థమైన బూడిద రంగులో ఉందనుకుని వెలుగును కొలుస్తుంది. తెల్లటి మంచు నిండిన ఫ్రేమును చూసి వెలుగు ఎక్కువైందని పొరబడి తగ్గిస్తుంది. మంచు బూడిదలా వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒకటి నుంచి రెండు స్టాప్‌ల దాకా (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు) పెంచుకోవాలి. అదే నల్ల ప్రహరీ ఫ్రేమంతా ఆక్రమిస్తే పొరపాటు తిరగబడుతుంది. నలుపును బూడిదగా మార్చాలని కెమెరా వెలుగు పెంచేస్తుంది, ప్రహరీ వెలిసిపోయినట్టు వస్తుంది. ఒకే వీధిలో, పది అడుగుల తేడాతో, రెండు రకాల దిద్దుబాట్లు చేయాల్సి రావడం ఇక్కడి ప్రత్యేకత. చలికి బ్యాటరీలు తొందరగా నీరసిస్తాయి, రెండోది లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకోవాలి. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వెళ్ళేముందు కెమెరాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించాలి. లేకపోతే గాజు మీద తేమ పట్టి అరగంట పాటు ఏమీ తీయలేం.

ఇంకో చిక్కు ఉంది. మబ్బు పట్టిన రోజున మంచు మీద నీడలు ఉండవు. గుంట ఏదో గుట్ట ఏదో తెలియనంత చదునుగా వస్తుంది ఫొటో. ఈ చిక్కు గురించి ఇదే ఊళ్ళో, కెమెరా పుట్టకముందే ఒక పాఠం నడిచిందని చెప్పుకుంటారు. కకునోదాతేలో పుట్టిన యువ సమురాయ్ ఒదానో నావోతాకే మంచి చిత్రకారుడు. 1773లో హిరాగా గెన్నాయ్ అనే పండితుడు గనుల పని మీద అకితాకు వచ్చాడు. పండక్కి ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టే మోచి అనే గుండ్రటి బియ్యపు ముద్దలను నేరుగా పై నుంచి చూసినట్టు గీయమని నావోతాకేను అడిగాడట. అతను ఒక వలయంలో ఇంకో వలయం గీశాడు. ఇది మోచియా, పళ్ళెమా, ఉంగరమా ఎలా తెలుస్తుందని గెన్నాయ్ అడిగాడు. గీత ఒక్కటే చాలదు, నీడ వేస్తేనే ఎత్తు తెలుస్తుందన్నది పాఠం. కథలో ఎంత నిజమో గానీ తర్వాత జరిగింది నిజం. మరుసటి ఏడాది, 1774లో సుగితా గెన్‌పకు బృందం జపాన్‌లో ప్రచురించిన పాశ్చాత్య శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథం 'కైతాయ్ షిన్‌షో'కు బొమ్మలు గీసింది ఈ నావోతాకేనే. 1780లో, ముప్పై ఏళ్ళ వయసులోనే చనిపోయాడు.

అతనూ, అకితా ప్రభువు సతాకే షోజాన్ కలిసి మొదలుపెట్టిన చిత్రశైలిని అకితా రంగా అంటారు. జపాన్ సంప్రదాయ రంగులతో పాశ్చాత్య పద్ధతి వెలుగునీడలు, దూరాన్ని చూపే లెక్క. వాటిలో ఒక అమరిక మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ముందు చాలా దగ్గరగా, పెద్దగా ఒక మొక్కో కొమ్మో పువ్వో. వెనక ఎక్కడో కిందుగా, చిన్నగా నీటి ఒడ్డూ ఆకాశమూ. నావోతాకే గీసిన షినోబజు చెరువు చిత్రంలో కుండీలోని పియోనీ పూలు ముందు నిలబడి ఉంటే చెరువు వెనక పల్చగా పరుచుకుని ఉంటుంది. వైడ్ యాంగిల్ లెన్స్‌ను కొమ్మకు దగ్గరగా పెట్టి, వీధిని దాని కింద చిన్నగా చూపించే ఫొటో అచ్చంగా ఈ అమరికే. కకునోదాతేలో ఆ ఫొటో తీసేవాళ్ళలో చాలామందికి ఆ ఊరి మనిషే సుమారు 250 ఏళ్ళ క్రితం అలా చూశాడని తెలియదు. తెలిస్తే ఆ ఫొటో ఇంకాస్త ఆలోచించి తీస్తారు. అవోయాగి ఇంటి ఆవరణలో నావోతాకే విగ్రహం ఉంది. అదే ఆవరణలోని ప్రదర్శనశాలల్లో పాత కాలపు కెమెరాలు కూడా ఉన్నాయి.

ఫిబ్రవరి 14 రాత్రి మంచు మీద నిప్పు తిరుగుతుంది. హిబురి కమకురా అనే ఈ వేడుకలో తాడు చివర కట్టిన గడ్డి బస్తాకు మంటలో నిప్పు అంటించి, ఒంటి చుట్టూ గిరగిరా తిప్పుతారు. ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని, పంట బాగా పండాలని మొక్కు. చూడటానికి వచ్చినవాళ్ళకు కూడా తాడు చేతికిస్తారు. షటర్ ఒక సెకను అటూ ఇటూ తెరిచి ఉంచితే నిప్పు పూర్తి వలయమై వస్తుంది. దాని వెలుగు మంచు మీద పడి మనిషి ముఖాన్ని కింది నుంచి వెలిగిస్తుంది.

ఇక చెర్రీల సంగతి. సమురాయ్ వాడలో సుమారు 400 షిదారెజకురా చెట్లున్నాయి. కొమ్మలు కిందికి వాలే రకం ఇది. వీటిలో 162 చెట్లను 1974లో జాతీయ సహజ స్మారకంగా గుర్తించారు. సతాకే ఉత్తర శాఖ రెండో ప్రభువు యోషియాకికి క్యోటో నుంచి భార్య వచ్చినప్పుడు, పుట్టింటి సారెలో మూడు చెర్రీ మొక్కలు తెచ్చుకుందని, ఇవన్నీ వాటి సంతానమేనని ఊరి నమ్మకం. దూరదేశం పోతున్న పిల్ల రాజధాని వసంతాన్ని వెంట తెచ్చుకుందన్నమాట. ఆ కథను పక్కన పెట్టినా, చెట్లను చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి దాదాపు తెలుపు, ఇంకోటి ముదురు గులాబీ. ఒకటి విచ్చేసరికి పక్కది ఇంకా మొగ్గే.

పక్కనే హినోకినాయ్ నది గట్టు మీద దృశ్యం పూర్తిగా వేరు. సుమారు 2 కిలోమీటర్ల పొడవునా సోమెయ్ యోషినో చెర్రీలు. యువరాజు అకిహితో పుట్టిన సందర్భంగా 1934లో నాటారు. సోమెయ్ యోషినో చెట్లన్నీ అంటుకట్టి పెంచినవే. జన్యుపరంగా ఒకే చెట్టుకు నకళ్ళు. అందుకే అన్నీ ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. గట్టు మీద దూరం నుంచి టెలిఫొటోతో తీస్తే చెట్లన్నీ కలిసిపోయి ఒకే పూల గోడలా వస్తుంది, అక్కడ అదే అందం. సమురాయ్ వాడలో మాత్రం ఒక్కో చెట్టు దగ్గర ఆగాలి. రెండు చోట్లా ఒకే పద్ధతిలో తీసినవాళ్ళ ఫొటోల్లో రెండూ ఒకేలా ఉంటాయి, ఆ నష్టం చిన్నది కాదు.

గులాబీ పూలకు వెనక నీలాకాశం ఉండాలనుకోవడం మామూలే. కానీ వసంతంలో ఇక్కడ తెల్లటి మబ్బు రోజులు కూడా బోలెడు. లేత పూలు తెల్లటి ఆకాశంలో కలిసిపోతాయి. అప్పుడు ఆదుకునేది నల్ల ప్రహరీయే. కెమెరాను కాస్త ఎత్తులో పట్టుకుని, ఆకాశం రాకుండా, కొమ్మ చివర్లు ప్రహరీ మీద పడేలా చూస్తే ప్రతి రేకూ విడిగా కనబడుతుంది. మబ్బు రోజు మెత్తటి వెలుగే దానికి మంచిది. కొమ్మలు సన్నగా, పొడుగ్గా వేలాడతాయి కాబట్టి చిరుగాలికే ఊగుతాయి. షటర్ వేగం సెకనులో 250వ వంతు కన్నా తగ్గితే చివర్లు చెదిరిపోతాయి. జనం లేకుండా కావాలంటే తెల్లవారుజామే దారి. ఏప్రిల్ చివర ఇక్కడ 5 గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. మొదటి రైళ్ళు వచ్చేలోపు రెండు మూడు గంటలు వీధి దాదాపు ఖాళీ.

ఎప్పుడు వెళ్ళాలన్నదే పెద్ద టెన్షన్. పాత లెక్క ప్రకారం ఏప్రిల్ చివరి వారం నుంచి మే మొదటి రోజుల దాకా పూలకాలం. గోల్డెన్ వీక్ సెలవులతో సరిపోయేది. టోక్యో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళు కూడా ఆ సెలవుల్లోనే ఎక్కువగా ఊళ్ళు తిరుగుతారు. కానీ గత కొన్నేళ్ళుగా ఏప్రిల్ మధ్యలోనే పూలు విచ్చుకుంటున్నాయి. గోల్డెన్ వీక్ వచ్చేసరికి ఆకులే మిగులుతున్న ఏళ్ళు ఎక్కువయ్యాయి. చెర్రీ పూమొగ్గ అంతకు ముందరి వేసవిలోనే తయారవుతుంది. చలికాలమంతా నిద్రపోతుంది, తగినంత చలి తగిలాకే నిద్ర లేస్తుంది. ఆ తర్వాత వెచ్చదనం ఎంత తొందరగా పెరిగితే అంత తొందరగా విచ్చుతుంది. మార్చి, ఏప్రిల్ నెలలు వేడెక్కుతుంటే పూలు ముందుకు జరగడంలో ఆశ్చర్యం లేదు. క్యోటోలో 2021లో మార్చి 26నే చెర్రీలు నిండుగా పూశాయి. అప్పటిదాకా అక్కడ దొరికిన 1,200 ఏళ్ళ రికార్డుల్లో అంత ముందుగా ఎప్పుడూ లేదు. కాబట్టి నెలల ముందు టికెట్లు కొనుక్కుని పూల మీదే ఆశలన్నీ పెట్టుకోవడం ఇప్పుడు జూదంతో సమానం. పోనీ వీధిని చూడటానికి వెళ్ళి, పూలు దక్కితే అదృష్టం అనుకుంటే ఏ ప్రయాణమూ వృథా పోదు.

వెళ్ళడం కష్టం కాదు. టోక్యో నుంచి కొమాచి షిన్‌కాన్‌సెన్ రైల్లో సుమారు 3 గంటలు. ఆ రైల్లో సీట్లన్నీ రిజర్వేషనే, పూలకాలంలో తొందరగా నిండిపోతాయి. స్టేషన్ నుంచి పావుగంట, ఇరవై నిమిషాల నడక. దారి తొమాచి మీదుగానే వెళ్తుంది. వ్యాపారుల వాడ దాటి సమురాయ్ వాడలోకి అడుగుపెట్టినప్పుడు ఇళ్ళ మధ్య జాగా ఒక్కసారిగా పెరగడం, చెట్లు దట్టం కావడం గమనించాలి.

వేసవి గురించి చెప్పాల్సింది తక్కువ. సూర్యుడు జూన్‌లో 74 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతాడు. డిసెంబరులో ఎక్కేది 27 డిగ్రీలే. మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండలో నల్ల ప్రహరీల కింద నీడ ముద్దకట్టి, పైన ఆకులు తెల్లగా మెరిసి ఫొటో చెడిపోతుంది. అయితే వాన పడుతున్నప్పుడు కథ మారుతుంది. సమురాయ్‌లు పెరట్లో పెంచిన ఫర్ చెట్లు ఇప్పుడు ఇళ్ళ కప్పులు దాటి ఎదిగాయి. వాటి కింద పచ్చటి చీకటి. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే తడి ఆకుల మెరుపు తగ్గి లోపలి పచ్చదనం బయటికి వస్తుంది.

ఇళ్ళ లోపలికి వెళ్ళడానికీ వేసవే అనువు. ఈ వీధిలోని ఇళ్ళలో చాలా పాతదైన ఇషిగురో ఇంట్లో తలుపుల పైన జాలీ చెక్కలో తాబేలును చెక్కారు. దీపం పెడితే దాని నీడ గోడ మీద ఈదుతున్నట్టు పడుతుంది. నీడ కోసం చెక్కిన బొమ్మ అది. ఆ కుటుంబం వారసులు ఇంకా అదే ఇంట్లో ఉంటున్నారు. సందర్శకులకు తెరిచినది కొంత భాగమే. లోపల ఫొటో తీయవచ్చా అని ముందు అడగటం, తెరవని వైపు లెన్స్ తిప్పకపోవడం కనీస మర్యాద. కొమ్మల విషయంలోనూ అంతే. చేతికందేంత కిందికి వాలాయి కదా అని లాగి ముఖం పక్కన పెట్టుకుని సెల్ఫీలు దిగడం ఆ చెట్టును గాయపరచడమే.

చిన్న సమురాయ్‌ల కష్టం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జీతంగా వచ్చే బియ్యం చాలక వాళ్ళు చేతిపనులు చేసుకునేవారు. కబజైకు అనే చెర్రీ బెరడు పని 1780ల ప్రాంతంలో ఈ ఊళ్ళో అలాగే వేళ్ళూనుకుంది. వీధిలోని వాలు చెర్రీల బెరడు కాదు వాడేది, కొండల్లోని అడవి చెర్రీలది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బెరడును చెట్టు చావకుండా కొంత మేరకే ఒలుస్తారు. ఎండబెట్టి, పైపొర గీకి, కాల్చిన ఇనుప పనిముట్టుతో జిగురు కరిగిస్తూ డబ్బాలకు అతికిస్తారు. తేమను అదుపులో ఉంచుతుందని తేయాకు డబ్బాలకు దీన్ని ఇష్టపడతారు. సమురాయ్‌ల జీతాలు రద్దయ్యాక ఈ పనే ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది. వసంతంలో పువ్వును మాత్రమే చూసినవాళ్ళకు చెర్రీ ఈ ఊరికి తిండి పెట్టిన చెట్టని తట్టదు.

సెప్టెంబరు 7 నుంచి 9 దాకా జరిగే ఉత్సవంలో లోపలి ఊరూ బయటి ఊరూ కలుస్తాయి. షిన్‌మెయ్ గుడికీ, యకుషి బుద్ధుడి మందిరానికీ సంబంధించిన పండగ ఇది. యోధుల బొమ్మలు నిలబెట్టిన రథాలను వాడల వారీగా లాగుతారు. 8వ తేదీన సతాకే ఉత్తర శాఖ వారి ముందుకు తీసుకెళ్ళి చూపించడం ఇప్పటికీ ఆచారం. రాత్రుళ్ళు ఇరుకు వీధుల్లో రెండు రథాలు ఎదురెదురైతే దారి ఎవరు ఇవ్వాలో మాట్లాడుకుంటారు. దర్శనానికి వెళ్తున్న రథానికి మొదటి హక్కు. తిరిగొస్తున్నది తప్పుకోవాలి. మాట తెగకపోతే ఢీకొంటాయి. ఆ ఢీకొనడం కన్నా అంతకు ముందు జరిగే బేరం, మధ్యవర్తుల పరుగులు, లాంతర్ల వెలుగులో పట్టుదల నిండిన ముఖాలు కెమెరాకు మంచి సరుకు. 2016లో యునెస్కో జపాన్ రథోత్సవాలు 33ను కలిపి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఇదొకటి.

ఇదంతా ఇలా మిగలడం వెనక అదృష్టం ఉంది, చట్టం ఉంది. 1868లో బోషిన్ అంతర్యుద్ధం ఊరి దాకా వచ్చి, ఊరిని కాల్చకుండానే మళ్ళిపోయింది. దాదాపు వందేళ్ళ తర్వాత, పాత వాడలు చకచకా కనుమరుగవుతున్న రోజుల్లో, జపాన్ తన సాంస్కృతిక సంపద రక్షణ చట్టాన్ని 1975లో సవరించింది. ఒక్క గుడినో ఒక్క కోటనో కాకుండా మొత్తం వాడను కాపాడే వీలు దానితో కలిగింది. 1976లో దేశమంతటా ఎంపిక చేసిన మొదటి ఏడు వాడల్లో కకునోదాతే ఒకటి. క్యోటోలోని గియోన్ షింబాషి, గడ్డి కప్పుల షిరకావా గ్రామం దాని తోటివే. ఆ పరిధిలో ఇంటి బయటి రూపాన్ని యజమాని కూడా అనుమతి లేకుండా మార్చకూడదు. మరమ్మతుకు ప్రభుత్వ సాయం వస్తుంది గానీ, రోజువారీ భారం అక్కడ ఉండేవాళ్ళదే.

ఆ భారం కళ్ళకు కట్టేది నవంబరులో. నెల మొదట్లో మేపుల్ ఆకులు ఎర్రబడి నల్ల ప్రహరీల మీద నిప్పురవ్వల్లా ఉంటాయి. పూలంత పేరు లేకపోయినా, పక్కవాటు పొద్దులో వీటి రంగు పూల రంగు కన్నా గట్టిగా నిలుస్తుంది. ఆ రంగు చూడటానికి వచ్చిన జనం వెళ్ళిపోయాక, ఆకులు ఊడ్చేశాక, నిచ్చెనలూ తాళ్ళ చుట్టలూ బయటికి వస్తాయి. రాబోయే మంచు బరువుకు విరగకుండా తోటలోని పొదలను పలకలతో, వెదుళ్ళతో, గడ్డి చాపలతో కట్టే పని మొదలవుతుంది. దీన్ని యుకిగకోయ్ అంటారు. ఒకరు కొమ్మలను దగ్గరికి పొదివి పట్టుకుంటే ఇంకొకరు తాడు చుట్టి ముడి వేస్తారు. నాలుగున్నర కాకముందే పొద్దు కుంకుతుంది కాబట్టి పని త్వరత్వరగా సాగుతుంది. వాళ్ళను అడిగి, పనికి అడ్డం రాకుండా నిలబడి తీసుకోవలసిన ఫొటో అది. మంచు కరిగాక మళ్ళీ అవే చేతులు ముడులు విప్పుతాయి. అప్పటికి ప్రహరీ మీద వేలాడే కొమ్మల చివర మొగ్గలు ఉబ్బి ఉంటాయి.